మా యింటి పొయ్యికయిన వ్యయము



ఇల్లు కట్టుటను గూర్చి పురుషులు మాటలాడుకొనుచుండగా మనము వినుచునే యుందుము. గోడల కెంత, పైకప్పున కెంత, ద్వారబంధములు ఏ కఱ్ఱతో చేయింపవలెను, వీథి యరుగు ఎన్ని యడుగుల వెడల్పుండవలెను, ఇవియన్నియు లెక్కకు వచ్చును. పొయ్యి మాత్రము లెక్కకు రాదు. గృహప్రవేశమైన పిమ్మట ఇల్లాలు నాలుగిటుకలును, తట్టెడు బంకమన్నును తెచ్చుకొని తానే వేసికొనునది గదా యని వారి తలంపు. అందుచేత దానికి వెల లేదు. మేమును ఈ యింటికి కోడలుగా వచ్చిన పదునాలుగేండ్లనుండి అట్లే తలంచుచుంటిమి. అట్టి మేము 2025 మాఘమాసములో ఒక్క కట్టెలపొయ్యికి 4,680 రూపాయలు వ్యయపెట్టితిమి. ఈ మాట విని మా వీథి యమ్మలక్కలు కొందఱు ముక్కున వ్రేలిడుకొనిరి. ఒకామె “మన్ను తినుటకు వెండిపళ్లెమా?” యని నవ్వెను. ఆ లెక్కను, దాని హేతువును, అందు మేము చేసిన పొరపాటును ఉన్నవి యున్నట్లు వ్రాయుచున్నాము.

చలిదేశములవారు గోడలో గూడు కట్టి, అందులో దుంగలు మండించి, చుట్టును కూర్చుండి చలి కాచుకొందురు. వాని వెలలు వేఱు. నాయుడుపేటలో వానితో పని లేదు. మాఘమాసపు తెల్లవాఱుజామున ఒక దుప్పటి చాలును. తక్కిన దినములలో సూర్యభగవానుడే మాకు పొయ్యి. కావున మేము చెప్పబోవునది వంటపొయ్యి మాటయే.

మీ యింట గ్యాసు లేదా యని మీరడుగవచ్చును. ఉన్నది. పిల్లల యన్నము, కూర, కాఫీ అన్నియు దానిమీదనే. అయినను మా పెరటివసారాలో కట్టెలపొయ్యి యొకటి మేము కాపురమునకు వచ్చుటకు పూర్వమునుండియు కలదు. అది మా యత్తగారి రాజ్యము. నలుగురి స్నానములకు వేడినీళ్లు, ఆమె మడి యన్నము, వేసవిలో ఒడియముల పిండి, పండుగలకు పిండివంటలు దానిమీదనే కావలెను. గ్యాసుమీద నీళ్లు కాచినచో ఒకటిన్నర నెల వచ్చు సిలిండరు ఇరువదియైదు దినములకే నిండుకొనును. బకెటులో వేయు కరెంటు కడ్డీని పసిపిల్లలున్న యింట మా వారు అడుగు పెట్టనియ్యరు. పైగా ఏబదిమూడేండ్లుగా ఆ మంట ముందు కూర్చున్న మనిషిని లేచి రమ్మనుట, ఆమె కేమియు చేతకాదని చెప్పుటతో సమానము. కోడండ్రకు ఈ సంగతి వివరింపనక్కఱలేదు.

2024 నవంబరు చివర ఫెంగలు తుపాను పుదుచ్చేరి దగ్గఱ తీరము దాటినది. మా వైపునను వానలు కుండపోతగా కురిసినవి. మాకు ఈశాన్యపు వానలే పెద్దవానలు; కార్తిక మార్గశిరములే మాకు కట్టెలు తడియు కాలము. కోట, వాకాడు ప్రాంతముల తోటలనుండి వచ్చిన సరుగుడుకట్టె పైకి ఎండినట్లే కనబడును. పొయ్యిలో పెట్టిన తోడనే చివరనుండి నురుగు కక్కుచు నీరు కాఱును. అత్తగారు ఊదుగొట్టము పట్టి ఊదుచుండిరి. ఊదునంతసేపు దగ్గు, దగ్గునంతసేపు మంట తగ్గుట, మరల ఊదుట. నాలుగవనాడు ఆమె మాట పూర్తిచేయలేక గోడ పట్టుకొని కూర్చుండిరి. పెదవులు నల్లబడినవి. ఆ రాత్రియే కారు పిలిపించుకొని తిరుపతికి తీసికొనిపోయితిమి.

వైద్యుడు పొగపటము తీయించి చూచి, మా వారివైపు తిరిగి, “అమ్మగారికి చుట్ట అలవాటు కలదా?” యని యడిగెను. మా ప్రాంతమున ముసలమ్మలు చుట్టలు కాల్చుట యున్నదే గనుక ఆ ప్రశ్నలో తప్పు లేదు. కాని మా యత్తగారు ఆయాసములోనే లేచి కూర్చుండి, “జన్మములో ముట్టలేదు నాయనా” యనిరి. అపుడాయన రెండవ ప్రశ్న యడిగెను: “కట్టెలపొయ్యి ఎన్నేండ్లు?” మేము లెక్కవేసి చెప్పితిమి. ఆయన ఇక నేమియు అడుగలేదు. పోయిన ఊపిరి తిరిగి రాదనియు, ఉన్నది నిలుపుకొనవలెననియు చెప్పి, పీల్చు మందు వ్రాసియిచ్చెను. నెలకు 700 రూపాయలు. పొగ దగ్గఱకు పోనీయవలదని రెండుమాఱులు చెప్పెను.

ఇంటికి వచ్చిన మూడవనాటి ఉదయము మేము లేచునప్పటికి ఆమె పొయ్యి ముందు కూర్చుండియున్నారు.

మేము బడికి పోయి చదివినవారము కాము. మా నాయనగారు ఇంటిలోనే అమరమును, కొన్ని కావ్యములను, తర్కసంగ్రహమును చెప్పిరి. ఆ చిన్న గ్రంథమును రచించిన అన్నంభట్టు తెలుగువాడని పెద్దల మాట. కొండమీద పొగ కనబడినచో అచట నిప్పు కలదని యూహింపవలెననియు, దానికి దృష్టాంతము వంటయిల్లనియు అందు చెప్పబడినది. పొగయు నిప్పును కలసియుండు చోటు ఏదని యోచించిన పండితునకు మొదట తోచినది వంటయిల్లే. అచట కూర్చున్న మనుష్యురాలి ప్రసక్తి శాస్త్రములో లేదు. శాస్త్రమున కది యవసరమును కాదు. అయితే ఆ శాస్త్రమే మఱియొక మాటయు చెప్పుచున్నది. పొగయున్నచోట నిప్పుండును గాని, నిప్పున్న చోటనెల్ల పొగ యుండవలెనను నియమము లేదు. ఎఱ్ఱగా కాలిన యినుపగుండులో నిప్పున్నది, పొగ లేదు. పొగ పుట్టుటకు తడికట్టెతోడి సంబంధము కావలెను. ఈ సంగతిని పదునాలుగవ యేట వల్లించితిమి. దాని యర్థము ముప్పదియాఱవ యేట పెరటివసారాలో తెలిసినది.

ధర్మశాస్త్రము గృహస్థునకు అయిదు హింసాస్థానములను చెప్పినది. పొయ్యి, సన్నెకల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ. వీనియొద్ద తెలియకయే ప్రాణులు చచ్చును గావున పంచమహాయజ్ఞములచేత ఆ దోషమును పోగొట్టుకొనవలెను. పొయ్యిలో పడి చచ్చు చీమను సహితము లెక్కించిన ఆ దయకు నమస్కరించుచున్నాము. పొయ్యి ముందు కూర్చున్న ప్రాణి లెక్క మాత్రము మన కాలమున వచ్చినది. అమెరికాకు చెందిన కిర్క్ స్మిత్ అను శాస్త్రజ్ఞుడు సహచరులతో గూడి గుజరాతు పల్లెలలో వంటచేయు స్త్రీలు పీల్చు గాలిలోని పొగను కొలిచి 1983లో ఆ లెక్కను ప్రకటించెను. ఇంటిలోని పొగవలన 2020లో లోకమున 32 లక్షలమంది మరణించియుందురని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. అందు గుండెజబ్బులు, ఊపిరితిత్తుల జబ్బులు, పసిబిడ్డల నిమోనియా అన్నియు చేరియున్నవి. కంటి శుక్లములకును ఈ పొగకును సంబంధము కలదని వైద్యులు చెప్పుదురు. అత్తగారికి రెండు కండ్లకును శస్త్రచికిత్స యైనది. మేము దానిని వయసు కారణమని యనుకొంటిమి.

ఇంతవఱకు వచ్చిన తరువాత, వెల లేని పొయ్యి అనుమాట మా నోట రాలేదు.

కట్టెలపొయ్యిని తీసివేయుటయే సరియైన చికిత్స. వైద్యుడు చెప్పినదియు అదే. ఆ మాటను మేము ఇంటిలో పలికిచూచితిమి. అత్తగారు రెండు దినములు భోజనము చేయలేదు. అందుచేత మేము రెండవ మార్గము త్రొక్కితిమి. అది ఉత్తమము కాదు, మధ్యమము. ఈ సంగతి ముందే యొప్పుకొనుచున్నాము.

పొగగొట్టము గల పొయ్యి మనకు క్రొత్త కాదు. వార్ధాలోని మగన్‌వాడిలో రూపొందిన మగన్ పొయ్యి 1947 నాటికే పేరు పొందినది. తెలుగుదేశమునందు హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున డాక్టరు ఎస్. పి. రాజుగారు మట్టితోనే కట్టుకొనదగిన, పెక్కు కుండలు పట్టు, గొట్టము గల పొయ్యిని రూపొందించిరి. దానిని వివరించుచు ఆయన వ్రాసిన ఇంగ్లీషు పుస్తకము 1953లో మద్రాసున అచ్చుపడినది. లక్షలాది జనులకు పొగలేని వంటశాలలు అని దాని పేరున కర్థము. ఆనకట్టలు, కాలువలు కట్టు శాస్త్రమెఱిగినవారు పల్లెటూరి పొయ్యి ముందు వంగి చూచిరనుట మాకు గొప్పగా తోచినది. తరువాత కేంద్రప్రభుత్వము 1983లో మేలురకపు పొయ్యిల పథకమును ఆరంభించి, 2002లో విరమించుకొనులోపల సుమారు మూడున్నర కోట్ల పొయ్యిలను వేయించినది. వెలలో సగమో అంతకు మించియో సర్కారే పెట్టుకొనెను. వానిలో పెక్కు రెండేండ్లైన నిలువలేదు. పగుళ్లు పూడ్చుటయు, గొట్టములోని మసి దులుపుటయు చాలమందికి నేర్పకుండిరి; లెక్కకు పొయ్యి కట్టబడిన చాలును. చీనాదేశమున ఆ కాలముననే పది కోట్లకు మించి యిండ్లలో మంచి పొయ్యిలు వెలసినవి; అచట వ్యయములో ఎక్కువభాగము ఇంటివారే పెట్టుకొనిరి. తన డబ్బు పెట్టినవాడు తాను కోరిన పొయ్యిని అడిగి కట్టించుకొనును, చెడినచో బాగుచేయించుకొనును. ఈ మాట పేదయింటికి వర్తింపదనువారు కలరు. ఆ సంగతి తరువాత చెప్పెదము.

మా వారు గణితోపాధ్యాయులు. పొయ్యి మాట యెత్తగానే “నాలుగువేలు పొగకు పెట్టుటయా?” యనిరి. మేము మందుచీటిని తెచ్చి వారి యెదుట నుంచితిమి. నెలకు 700 చొప్పున సంవత్సరమునకెంతయో గుణింపుమని కోరితిమి. 8,400 అని వారే చెప్పిరి. మఱునాడు మేస్త్రికి కబురు పంపిరి.

వ్యయము వివరము ఇది. ఇటుకలు 80, ఒక్కొక్కటి 9 రూపాయలు, వెరసి 720. సిమెంటు అరబస్తా 180. ఇసుక ప్రక్కయింటివారు మిగిలినది ఇచ్చిరి. లోపలి పూతకు బంకమన్ను స్వర్ణముఖి గట్టునుండి వచ్చినది. పేడయు ఊకయు కొనునవి కావు. ఆఱడుగుల సిమెంటు గొట్టములు రెండు, 760. వానినీరు లోనికి దిగకుండుటకు గొట్టముపై పెట్టు టోపి 140. బూడిద క్రిందికి రాలి గాలి పైకి వచ్చుటకు ఇనుపకమ్ముల జల్లెడ 300. మేస్త్రికి 1,000, ఆయన వెంట వచ్చిన కూలికి 700. మొత్తము 3,800. మేస్త్రి మొదట నీళ్లకు వేయు ప్లాస్టికు గొట్టము చాలును, చౌకగా వచ్చునని చెప్పెను. అది ఒక పూటలో కరగి వంటలో కలియునని చెప్పుటకు మాకు ఏ శాస్త్రమును అక్కఱ లేకపోయినది.

పొయ్యి కట్టు క్రమమును కొంచెము విపులముగా చెప్పవలెను, ఏలయన పనివాండ్రు గోడ కట్టినట్లే పొయ్యిని కట్టుదురు. పొగ యనగా మండక మిగిలిన కట్టెయే. అది మండుటకు వేడియు గాలియు కావలెను. కావున మంటగూడు చిన్నదిగా నుండవలెను. పెద్దనోరు గల పొయ్యి ఎక్కువ కట్టె తిని తక్కువ వేడి యిచ్చును. కట్టె నేలమీద గాక జల్లెడమీద నుండవలెను, అపుడు గాలి క్రిందినుండి వచ్చును. మొదటి గిన్నె అడుగున మంట తగిలి, అచటనుండి సన్నని దారిగుండ రెండవ గిన్నె క్రిందికి పోయి, అటు పిమ్మట గొట్టములో ప్రవేశింపవలెను. రెండవ గిన్నె క్రింద మట్టితో చిన్న మిట్ట కట్టినచో మంట పైకి లేచి గిన్నెను తాకును. లేనిచో అడుగునుండి జారి వేడియంతయు ఆకాశమునకు పోవును. గిన్నెలు పొయ్యి కండ్లకు సరిగా అమరవలెను. మా యత్తగారి గుండిగను, తప్పేలను తెచ్చి తడిమట్టిమీద నుంచి, వాని కొలతకే కండ్లు తీర్చితిమి. ఈ పని మేస్త్రికి నచ్చలేదు. తన కొలత తనకు కలదనెను.

వేడిగాలి తేలికయై పైకి లేచును. అది లేచుచు వెనుకనున్న పొగను ఈడ్చుకొనిపోవును. గొట్టము ఎంత పొడవైన ఆ యీడ్పు అంత బలమైనది. ఇచటనే మా పొరపాటు. రెండు గొట్టములు పన్నెండడుగులు. వసారా చూరు దాటి పైకి కనబడినది గదా యని తృప్తిపడితిమి. వసారా ప్రక్కనున్న పెద్ద పెంకుటింటి వెన్ను దానికంటె ఎత్తని మాకు గాని మేస్త్రికి గాని తోచలేదు. మొదటి మూడుదినములు గాలి తూర్పునుండి వీచినది, పొయ్యి చక్కగా మండినది. కొబ్బరికాయ కొట్టి పాయసము వండితిమి. నాలుగవనాడు గాలి మాఱి పెంకుటింటి వెన్నుమీదుగా క్రిందికి దిగినది. పొగ గొట్టములోనుండి వెనుకకు తన్ని వసారా నిండినది. పూర్వము పొగ పొయ్యి నోటినుండి మాత్రము వచ్చెడిది. ఇపుడు పొయ్యి నోటినుండియు, రెండు కండ్లనుండియు వచ్చినది. అత్తగారు కొంగు ముక్కునకు అడ్డము పెట్టుకొని, ఏమియు ననక మావైపు చూచిరి. ఆ చూపు మఱచుట కష్టము.

మూడవ గొట్టము 380, మేస్త్రికి ఇంకొక అరపూట 500. దానిని ఇనుపపట్టీతో గోడకు బిగించి, పెంకుటింటి వెన్నుకు రెండడుగులు పైకి పోనిచ్చితిమి. అది మొదలు పొగ తిరిగి రాలేదు. మొత్తము 4,680. ఇల్లు కట్టించువారు ఇంటి వెన్నును చూచి గొట్టము కొనవలెను. వసారా చూరును చూచి కాదు. ఇది 880 రూపాయలకు మేము కొనుక్కొన్న జ్ఞానము, మీకు ఊరకయే యిచ్చుచున్నాము. మసిమాట కూడ చెప్పవలెను. నెలకొకమాఱు పొడుగైన వెదురుగడకు గోనెగుడ్డ చుట్టి గొట్టములో త్రిప్పనిచో దారి సన్నగిల్లి పొయ్యి మరల పొగకక్కును. మేము అమావాస్యనాడు చేయుచున్నాము, మఱవకుండుటకు.

ఫలమేమి యని యడుగుదురేమో. నెలకు అయిదు మోపుల కట్టె పట్టుచుండెడిది, ఇపుడు నాలుగు. మోపు 120 రూపాయలు. మా వారు వెంటనే భాగించి, కట్టె పొదుపుతోనే 39 నెలలలో పొయ్యి వెల తీరునని గోడమీద సుద్దతో వ్రాసిరి. కట్టెలను చూరు క్రింద నెలదినములు ఎండబెట్టి గాని పొయ్యికి తేవలదని మేము నియమము పెట్టుకొంటిమి. ఆ పొదుపులో సగము దానిదే యని మా యనుమానము. మందు తగ్గలేదు. తగ్గునని వైద్యుడును చెప్పలేదు. పోయిన వానకాలమున మూడుమాఱులు తిరుపతికి పరుగెత్తితిమి. 2025 వానలలో ఒకమాఱు మాత్రమే పోయితిమి. అత్తగారు రాత్రులు వెల్లకిల పండుకొని నిద్రించుచున్నారు. ఇంతకుముందు కూర్చుండియే తెల్లవాఱ్చుచుండిరి. ఈ లాభమును సుద్దతో వ్రాయు చోటు మా గోడమీద లేదు.

అయితే పొగ మా వసారాను విడిచినదే కాని లోకమును విడువలేదు. అది పైకి పోయి ఎవరి ముక్కునకో చేరును. ఒక వీథిలో ఇరువది గొట్టములు పొగ వదలినచో మరల అందఱికిని అదే గాలి. కావున చేతనైనవారు గ్యాసునకో కరెంటునకో మాఱుటయే మేలు. కరెంటు పొయ్యి కొనువారు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. ఇండక్షను పొయ్యి అయస్కాంతశక్తిచేత గిన్నెను వేడిచేయును. ఇత్తడి గుండిగలు, అల్యూమినియము తప్పేలలు, మట్టిచట్లు దానిమీద వేడెక్కవు. అయస్కాంత మంటుకొను సమతలపు అడుగుగల పాత్రలు కావలెను. పొయ్యి వెలకు పాత్రల వెల కలుపుకొనక కొనినవారు మాకు తెలిసి ఇద్దఱున్నారు. ఆ పొయ్యి ఇపుడు బీరువాపై కలదు.

అటకలమీదికి ఎక్కిన పొయ్యిలమాట వచ్చినది గనుక, ఇందాక తరువాత చెప్పెదమన్న పేదయింటి సంగతి చెప్పుదుము. 1999లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము దీపము అను పథకమున పొదుపుసంఘముల స్త్రీలకు గ్యాసు కనెక్షను లిచ్చినది. సిలిండరునకు కట్టవలసిన ధరావతును సర్కారే కట్టెను. 2016 మే 1న ఉత్తరప్రదేశములోని బలియాలో ఆరంభమైన ఉజ్జ్వల పథకమును అట్టిదే. కనెక్షను స్త్రీ పేరనే యుండును, ఒక్కొక్కదానికి 1,600 రూపాయలు కేంద్రము భరించెను. ఈ సాయము చిన్నది కాదు. పథకములకు వెలుపలివారు 2022 జూన్ మొదలు పెద్ద సిలిండరునకు 2,200, రెగ్యులేటరునకు 250 ధరావతు కట్టవలసి వచ్చినది. రబ్బరుగొట్టము, పొయ్యి వేఱు. కూలి చేసికొను ఇల్లాలికి ఆ మొత్తము ఒకేమాఱు ఎచటినుండి వచ్చును? కావున మొదటి మెట్టు సర్కారు ఎక్కించినది. రెండవ మెట్టు దగ్గఱ దీపము మసకబాఱినది.

మా యింట పాత్రలు తోముటకు వచ్చు ఆమె తల్లికి ఆ కాలముననే దీపము పొయ్యి వచ్చెనట. దానిని పాతచీరలో చుట్టి అటకమీద నుంచిరి. అల్లుడు వచ్చినపుడు దించి, టీ కాచి, తుడిచి, మరల అటక యెక్కించుచుండిరి. ఒక్క సిలిండరు ఏడాదికి మించి వచ్చెనట. “పొయ్యి ఊరకే ఇచ్చినారమ్మా, నిప్పు మాత్రం కొనుక్కోమన్నారు” అని ఆమె యనును. కట్టె నేరుకొనవచ్చును, పిడక చేసికొనవచ్చును. వానికి చేతిలో డబ్బు కనబడదు. సిలిండరునకు ఒక్కమాఱే నోట్లు తీయవలెను. కూలిడబ్బు దినదినమును చిల్లరగా వచ్చు నింట అది కొండవంటిది. పొయ్యి అమర్చు వ్యయమును గూర్చి మాటలాడు పెద్దలు పొయ్యిని మేపు వ్యయమును మఱచినచో ఇట్లే యగును.

2024 నవంబరు 1న శ్రీకాకుళము జిల్లా ఈదుపురములో ఆంధ్రప్రదేశ ముఖ్యమంత్రి దీపము-2 పథకమును ప్రారంభించెను. సంవత్సరమునకు మూడు సిలిండరులు ఉచితము. ముందు సొమ్ము చెల్లించినచో 48 గంటలలో బ్యాంకునకు తిరిగి వచ్చునని నియమము పెట్టిరి. ఇది ఆ రెండవ మెట్టును చూచి చేసిన పని యని మేము సంతోషించితిమి. పాత్రలు తోమునామె ఇంటను ఇపుడు తల్లినాటి పొయ్యి అటక దిగినది. అయితే నలుగురున్న యింట మూడు సిలిండరులు సంవత్సరమంతయు రావు. ఆమె లెక్క ప్రకారము అవి ఉదయపు వంటకు చాలును. రాత్రి యన్నమును, నీళ్లును కట్టెలమీదనే. 2025లో మేము సిలిండరునకు చెల్లించిన ధర తొమ్మిదివందలకు కొంచెము తక్కువ. నాలుగవది కొనుటకు ఆమె ఇంతవఱకు సాహసింపలేదు.

మొన్న పౌషమాసములో ఆమె పాత్రలు తోముట ముగించి, చేతులు తుడుచుకొనుచు మా పొయ్యి ముందు నిలుచుండి చాలసేపు గొట్టమువంక చూచెను. ఆమె కూతురునకు తొమ్మిదేండ్లు. రాత్రి వంట ఆ పిల్లయే చేయుచున్నది, దగ్గుచున్నది. తమ పెరటిలో పడిపోయిన గోడ యిటుకలున్నవి, చెఱువు మన్నున్నది, తన చేతులున్నవి. కొనవలసినది ఏమేమి యని అడిగెను. మేము కాగితము తీసి వ్రాసితిమి. గొట్టములు మూడు 1,140, టోపి 140, జల్లెడ 300, మొత్తము 1,580. ఆమె వ్రేళ్లమీద లెక్కించుకొని, తన దగ్గఱ 1,200 కలవనియు, ప్రస్తుతము రెండు గొట్టములు కొని, మూడవది ఉగాదికి కొనెదననియు చెప్పెను. రెండు గొట్టములతో మేము పడిన పాట్లను ఎట్లు చెప్పవలెనో తోచక ఊరకుంటిమి.

వసారాలో కూర్చుండి చాటలో బియ్యము ఏఱుచున్న మా యత్తగారు అంతయు వినుచునే యుండిరి. లేచి లోనికి పోయి, తమ మందుల డబ్బాలోనుండి నాలుగువందలు తెచ్చి ఆమె చేతిలో పెట్టిరి.

“మూడూ ఒక్కమాఱే కొను. ఇరువై మిగులుతుంది. దానితో ఊదుగొట్టం మాత్రం కొనబోకు.”